కథలో కవ్వం చప్పుడు

క్రితం వారం ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకున్నాం. ఈ వారం వంటింటి గడప దాటి పుస్తకాల బీరువా దగ్గరికి వెడదామనుకుంటున్నాను. దాటడం అన్నానే గానీ, తిరిగి తిరిగి మళ్ళీ వంటింట్లోకే వచ్చి పడతాం లెండి. ఎలాగో చదవండి.

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు డల్లాస్ నుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం, వాళ్ళమ్మాయి చదివేసిన కథల పుస్తకాలు కొన్ని తెచ్చింది. లారా ఇంగాల్స్ వైల్డర్ అనే ఆవిడ తన చిన్నతనాన్నే కథలుగా రాసిన పుస్తకాలవి. మొదటిది 1932లో అచ్చయింది. పేరు 'లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్', అంటే పెద్ద అడవిలో చిన్న ఇల్లు అన్నమాట. తొంభై ఏళ్ళు దాటినా అమెరికాలో పిల్లలు ఇంకా చదువుతూనే ఉన్నారట.

రెండు రోజులు తిరగేసి మా పాప ఆ పుస్తకం సోఫా మీద పడేసింది. "ఏమ్మా, బాగా లేదా?" అని అడిగాను.

"ఇందులో కథే లేదమ్మా! వాళ్ళమ్మ బట్టలు ఉతుకుతుంది, వెన్న తీస్తుంది, రొట్టె చేస్తుంది. పేజీలకి పేజీలు అదే గోల. నేను అవన్నీ దాటేసి చదువుతున్నా. దాటేస్తే ఇంకేం మిగల్లేదు" అంది.

నేను అప్పుడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచున్నాను. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. బట్టలు ఉతికి, వెన్న తీసి, రొట్టె చేసే మనిషికి కథ ఉండదన్నమాట! మరి పొద్దున్నే లేచింది మొదలు నేను చేసేదీ అదే కదండీ. మీరు చేసేదీ అదే కదా!

సరే, ఆ దాటేసిన పేజీల్లో ఏముందో చూద్దామని, "నువ్వు దాటేసినవే నాకు చదివి పెట్టు" అన్నాను. నా ఇంగ్లీషు ఇంటర్‌తోనే ఆగిపోయింది. చదివితే సగం అర్థమవుతుంది, వింటే ఇంకాస్త అర్థమవుతుంది. పాప విసుక్కుంటూనే మొదలుపెట్టింది. పక్కన మంచం మీద మా అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆవిడ సంగతి కాస్త చెప్పాలి. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మామయ్య పోయాక తెనాలి దగ్గర మా పల్లెలో ఇల్లు తాళం పెట్టి, బెజవాడలో మా ఫ్లాటుకు తీసుకొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచీ మాట తగ్గిపోయింది. "కాఫీ తాగుతారా అత్తయ్యా?" అంటే "ఊఁ", "అన్నం పెట్టనా?" అంటే "పెట్టు". అంతే. మా వారు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. ఒంట్లో ఏమీ లేదన్నారు.

ఇక కథలోకి వెడదాం. 1870ల నాటి మాట. విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో అడవి మధ్య దుంగలతో కట్టిన ఇల్లు. అమ్మ, నాన్న, ముగ్గురు ఆడపిల్లలు. లారా వాళ్ళమ్మకి వారంలో ఏ రోజు పని ఆ రోజుకి ఉంటుంది. సోమవారం బట్టలుతకడం, మంగళవారం ఇస్త్రీ, బుధవారం చిరుగులు కుట్టుకోవడం, గురువారం వెన్న తియ్యడం, శుక్రవారం ఇల్లు శుభ్రం చెయ్యడం, శనివారం రొట్టెలు కాల్చడం, ఆదివారం విశ్రాంతి. వినగానే నాకు ముచ్చటేసింది. ఉతికిన మర్నాడే ఇస్త్రీ ఎందుకో, ఇస్త్రీ అయిన మర్నాడు చిరుగులు ఎందుకో మనకి వేరే చెప్పక్కర్లేదు. మడతపెట్టేటప్పుడే గదా ఎక్కడ కుట్టు ఊడిందో కంట పడేది! ఆదివారం పని చెయ్యకూడదు కాబట్టి శనివారమే రొట్టెలు. ఇదంతా మా పాపకి ఓ పట్టికలా కనిపించింది. నాకు మాత్రం ఒక ఇల్లాలి బుర్ర పనిచేసే తీరు కనిపించింది.

గురువారం వచ్చింది. చలికాలం. మీగడ పల్చటి తెలుపులో ఉంది. తెల్లటి వెన్న లారా వాళ్ళమ్మకి నచ్చదు. అందుకని ఏం చేసిందో తెలుసా? ఒక క్యారెట్ కోరింది. దేంతో కోరింది? చిల్లిపడ్డ పాత రేకు పళ్ళెం అడుగున నాన్న మేకుతో బెజ్జాలు పొడిచి ఇచ్చాడు, అదే ఆవిడ కోరాము! ఆ కోరు పాలలో వేసి కాచి, గుడ్డలో వేసి పిండితే పాలు పసుప్పచ్చగా దిగాయి. ఆ పాలు మీగడలో కలిపి చిలికితే వెన్న పచ్చగా వచ్చింది. పిండగా మిగిలిన క్యారెట్ పిప్పి పిల్లలిద్దరికీ. పెద్దదాన్ని గనక నాకు ఎక్కువ రావాలని అక్క మేరీ అంటే, అమ్మ సమంగా పంచింది.

ఇక్కడ పాప ఆగి, "చలికాలంలో వెన్న ఎందుకమ్మా తెల్లగా ఉంటుంది?" అని అడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే మంచం మీంచి మాట వినిపించింది. "పచ్చిగడ్డి ఉండదు గదే! ఎండుగడ్డి తిన్న ఆవు వెన్న పాలిపోయే ఉంటుంది."

ఇద్దరం ఉలిక్కిపడి అటు చూశాం. అత్తయ్య ఇటు తిరిగి పడుకున్నారు. "అది ఆవేనా, గేదెనా?" అని అడిగారు. ఆవే అన్నాం. "అదీ సంగతి. గేదె వెన్నకి ఎప్పుడూ పచ్చదనం రాదు" అన్నారు.

తర్వాత నేను తెలుసుకున్నాను, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పచ్చగడ్డిలో కెరోటిన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. క్యారెట్‌కి ఆ రంగు వచ్చేదీ దాన్నుంచే. ఆవు పచ్చగడ్డి తింటే కొంత కెరోటిన్ పాలలోకి, వెన్నలోకి వస్తుంది. గడ్డి ఎండితే చాలావరకు పోతుంది. గేదె మాత్రం దాన్ని విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది కాబట్టి గేదె వెన్న తెల్లనే. చూశారా, లారా వాళ్ళమ్మకి కెరోటిన్ పేరు తెలియకపోవచ్చు. గడ్డి వల్ల పోయిన రంగుని గడ్డలోంచి తెచ్చుకోవడం మాత్రం తెలిసింది!

ఇక అక్కణ్ణుంచి అత్తయ్య ఊరుకోలేదు. ఎత్తుగా ఉండే మట్టిపాత్రలో మీగడ పోసి, కర్రని పైకీ కిందకీ ఆడిస్తూ చిలుకుతుందని పాప చదివితే, "పైకీ కిందకా? రోకలి పోటులాగానా? మనది గుండ్రంగా తిరిగే కవ్వం. తాడు రెండు చేతులా లాగాలి" అని పక్కమీద లేచి కూచుని చేతులతో చూపించారు. వాళ్ళు మీగడనే చిలికితే, మనం పాలు తోడేసి పెరుగు చిలుకుతాం. వాళ్ళకి మిగిలేది మీగడ విరిగిన చల్ల, మనకి మిగిలేది పెరుగు మజ్జిగ. చిలుకుతూ ఉంటే మీగడ మొదట చిక్కబడి, తర్వాత రవ్వరవ్వగా కనిపించిందని కథలో ఉంది. "కనిపించడం దాకా ఎందుకే, చప్పుడులోనే తెలుస్తుంది. వెన్న పడేముందు కవ్వం గొంతు మారుతుంది. మా అత్తగారు వాకిట్లో ముగ్గేస్తూ, ఇంక చాల్లే, వెన్న పడింది అని కేకేసేవారు" అన్నారు.

ఆ మాటతో నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పిడకల దాలి మీద రోజంతా కాగి ఎర్రబడ్డ పాలు, ఆ మీగడ కమ్మదనం, తెల్లవారుజామున నిద్రలో వినిపించే ఆ కవ్వం చప్పుడు... ఇవన్నీ నాకు తెలుసండీ! తెలుసన్న సంగతే మరిచిపోయాను. విస్కాన్సిన్ అడవిలో ఎవరో వెన్న తీస్తుంటే, కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మ వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. వెన్న కాచాక గిన్నె అడుగున మిగిలిన గోకుడులో ఇంత పంచదార వేస్తే దానికోసం మేం అక్కచెల్లెళ్ళం ఎంత కొట్టుకునేవాళ్ళమో! క్యారెట్ పిప్పి కోసం మేరీ, లారా వాదులాడుకుంటే నవ్వు రాక ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం పాప నాతో ఒక మాటంది. "అమ్మా, ఇందాక నేను ఒక్కదాన్నే చదివినప్పుడు ఈ బిట్ అసలు ఇలా లేదు." పుస్తకం అదేనండీ. పక్కన చదివించేవాళ్ళు లేకపోవడమే తేడా.

నేను చెప్పదలచుకున్నదీ అదే. పాత కాలపు పిల్లల కథల్లో ఇంటి పనులు, వంటలు, గుడ్డలు, సామాన్లు వర్ణించిన చోట మన పిల్లలు పేజీలు తిప్పేస్తారు. అవి కథకి చుట్టూ కట్టిన దడి అనుకుంటారు. నిజానికి చాలాచోట్ల కథ ఉన్నదే అక్కడ. అది తెలియాలంటే ఆ వస్తువు విలువ తెలియాలి. రెండు ఉదాహరణలు చెప్తాను, మీకే తెలుస్తుంది.

1935లో వచ్చిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ'లో ఒక క్రిస్మస్ పండగ ఉంది. ఏరు పొంగి ఎవరూ రాలేరనుకున్నప్పుడు పొరుగున ఉండే ఎడ్వర్డ్స్ అనే ఆయన, చలిలో ఏరు ఈది పిల్లలకి కానుకలు తెస్తాడు. ఏమిటా కానుకలు? చెరో రేకు కప్పు, చెరో పిప్పర్‌మెంటు కడ్డీ, గుండె ఆకారంలో చెరో చిన్న కేకు, చెరో కొత్త పైసా. "ఇంతేనా?" అంది మా పాప. దాని పుట్టినరోజుకి వచ్చే సామాను ముందు అది ఏపాటి లెండి! అప్పుడు వెనక్కి తిరగేసి చూశాం. అప్పటిదాకా అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే కప్పు. ఇప్పుడు ఎవరి కప్పు వాళ్ళది! కేకు తెల్లటి పిండితో, తెల్లటి పంచదారతో చేసింది. ఆ ఇంట్లో తెల్ల పంచదార చుట్టాలొస్తే తీసే సరుకు. అందుకే లారా ఆ కేకుని పైన కొరకలేదు. కొరికినట్టు కనపడకుండా అడుగు నుంచి కాస్త గిల్లుకుని తింది.

అత్తయ్య అందుకున్నారు. "మా చిన్నప్పుడు రోజూ కాఫీలోకి బెల్లమే. పంచదార డబ్బా మా అమ్మ అటక మీద పెట్టేది. ఎవరికైనా వేవిళ్ళొచ్చినా, జ్వరమొచ్చినా, అల్లుడొచ్చినా దిగేది" అన్నారు. పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ కేకు పేజీ మళ్ళీ చదువుకుంది. పంచదార ఖరీదు తెలిశాకే ఆయన ఏరు ఈదడం ఎంత గొప్పో దానికి అర్థమైంది.

రెండోది 'ది లాంగ్ వింటర్'. 1940లో వచ్చింది. 1880-81 చలికాలంలో డకోటా ప్రాంతంలోని డిస్మెట్ అనే చిన్న ఊళ్ళో జరిగిన కథ. మంచు తుఫాన్లు ఒకదాని వెంట ఒకటి. పట్టాలు మంచులో కూరుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. రైలు రాకపోతే బొగ్గు లేదు, కిరసనాయిలు లేదు, పిండి లేదు. చుట్టూ చెట్లు లేని మైదానం, కట్టెలు కూడా దొరకవు. ఆ ఇంట్లో ఆరుగురు. ఎలా బతికారు?

పొయ్యిలోకి ఎండుగడ్డిని గట్టిగా మెలిపెట్టి కర్రల్లా చేసి కాల్చారు. ఒక కట్ట పెడితే ఇట్టే కాలిపోతుంది, మళ్ళీ మెలిపెట్టాలి. విత్తనాలకి ఉంచిన గోధుమలు దొరికితే వాటిని కాఫీ గింజల మరలో పోసి విసిరారు. కాఫీ మర ఎంతుంటుంది చెప్పండి? గుప్పెడు పోస్తే నిండిపోతుంది. ఆరుగురి రొట్టెకి సరిపడా పిండి కావాలంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరో ఒకరు మర తిప్పుతూనే ఉండాలి. జబ్బు చేసి చూపు పోయిన మేరీ కూడా కూచుని మర తిప్పుతుంది. ఆ పుస్తకంలో పులులూ లేవు, దొంగలూ లేరు. ఆ మర ఆగిందా, ఆ పూటకి తిండి ఆగినట్టే. ఇంతకంటే ఉత్కంఠ ఏ అపరాధ పరిశోధన నవలలో ఉందండీ!

"తిరగలి లేదూ వాళ్ళకి? ఒక్క తిరగలి ఉంటే ఆ పిల్లలకి ఇన్ని అవస్థలు లేకపోను" అని అత్తయ్య నిజంగానే బాధపడ్డారు.

ఇక కిరసనాయిలు అయిపోయింది. చీకటి. అప్పుడు వాళ్ళమ్మ ఏం చేసిందంటే, ఒక బొత్తాం తీసుకుని చిన్న గుడ్డముక్కలో పెట్టి దారంతో కట్టి, పైకి వచ్చిన గుడ్డ కొసల్ని మెలిపెట్టింది. బండి ఇరుసుకి రాసే కందెన ఒక సాసరులో వేసి, దాంట్లో దాన్ని నిలబెట్టి వెలిగించింది. చిన్న దీపం వెలిగింది. మా పాప ఆ వరసంతా చదివి, "ఏం అర్థం కాలేదమ్మా, బటన్‌తో దీపం ఏంటి?" అంది.

అత్తయ్య పకపకా నవ్వారు. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! "ఓసి పిచ్చిపిల్లా, అది మన పువ్వొత్తే గదే! కింద బొడ్డు, పైన కొస. పడిపోకుండా నిలబడాలని బొత్తాం పెట్టింది. నూనె లేక ఇరుసు కందెన పోసుకుంది, పాపం" అంటూ లేచి, దేవుడి గూట్లోంచి ఒక పువ్వొత్తి తెచ్చి పాప చేతిలో పెట్టారు. తర్వాత ఆవిడే ఒక పాత చొక్కా బొత్తాం వెతికి, పాపచేత అచ్చం అలాగే కట్టించి, కొబ్బరినూనె పోసి వెలిగించి చూపించారు. పాప ట్యూబులైటు ఆర్పేసింది. ముగ్గురం ఆ వెలుగులో కూచున్నాం. మా వారు ఆఫీసునుంచి వచ్చి, "కరెంటు పోయిందా?" అని అడిగారు!

ఇదంతా చెప్పి, ఆ రోజులే బంగారమని నేననను. అనేదాన్నే, కానీ అత్తయ్య పడనివ్వలేదు. పాప ఓరోజు "నానమ్మా, అప్పుడు ఎంత బాగుండేదో కదా!" అంటే ఆవిడ తన అరిచెయ్యి చాపి చూపించారు. "కథలో బాగానే ఉంటుందమ్మా. తాడు లాగి లాగి బొబ్బలెక్కిన చేతికి తెలుస్తుంది. పురుటి మంచం దిగిన నెలకే నేను తిరగలి పట్టాను. నాకు మిక్సీ ముందే వచ్చుంటే నేనూ నీలాగా పుస్తకాలు చదివేదాన్ని" అన్నారు. ఆవిడ ఐదో క్లాసుతో చదువు మానేశారు. ఆ సంగతి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళకి నేను అప్పుడే విన్నాను.

ఇంకో మాట కూడా పిల్లలకి చెప్పాలి. ఆ మైదానంలో లారా వాళ్ళు ఇల్లు కట్టుకున్న నేల నిజానికి ఓసేజ్ అనే తెగ ఇండియన్లది. ఆ పుస్తకాల్లో వాళ్ళ గురించి రాసిన తీరు సరిగా లేదని పెద్దలు తప్పుపట్టారు. లారా పేరు మీద ఇచ్చే పిల్లల సాహిత్య పురస్కారానికి 2018లో ఆవిడ పేరు తీసేశారు. మా పాప అడిగితే దాచకుండా ఇదీ చెప్పాను. ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా అది ఎవరి నేల మీద ఉందో కూడా చూడాలి గదా! పాత పుస్తకాన్ని పాత ఇత్తడి గిన్నెలాగే వాడుకోవాలి. మకిలి ఉన్నచోట తోముకోవాలి గానీ గిన్నె పారేసుకోనక్కర్లేదు.

ఈ లారాగారి సంగతి తెలిసి నాకు ఇంకా ఇష్టం కలిగింది. 1867లో పుట్టిన ఆవిడ, మొదటి కథల పుస్తకం అచ్చయ్యేనాటికి అరవై అయిదేళ్ళ మనిషి! అంతకుముందు మిస్సోరీలో పొలం, కోళ్ళు, ఇల్లు చూసుకుంటూ 1911 నుంచి 'మిస్సోరీ రూరలిస్ట్' అనే రైతుల పత్రికకి ఇంటి సంగతులు, పొలం సంగతులు రాసేది. అంటే మనలాగా ఓ పత్రికలో శీర్షిక రాసుకునే ఇల్లాలన్నమాట! అప్పటికే రచయిత్రి అయిన కూతురు రోజ్, తల్లి పుస్తకాలను సరిదిద్దడంలో సాయం చేసింది. వెన్న తియ్యడం, వత్తి చెయ్యడం రాయదగ్గ విషయాలని ఆవిడ అనుకోబట్టే గదా ఇవాళ మనకి తెలిశాయి. 1979లో బార్బరా వాకర్ అనే ఆవిడ, ఆ కథల్లోని వంటకాలన్నీ ఏరి, వందకి పైగా చేసే విధానాలతో ఒక వంటల పుస్తకమే వేసింది.

అమెరికా కథలు మనకెందుకు అనకండి. మన కథల్లోనూ ఇదే తంతు. ఏడు చేపల కథ చెప్పని ఇల్లు ఉందా? అందులో గడ్డిమేటు అడ్డమొస్తుంది, ఆవు వస్తుంది, దాన్ని మేపే పాలేరు, వాడికి బువ్వ పెట్టాల్సిన అవ్వ, ఏడ్చే పసివాడు వస్తారు. ఫ్లాటులో పుట్టిన పిల్లకి గడ్డిమేటు తెలీదు. అది ఎంత ఎత్తుంటుందో తెలిస్తే గదా దాని నీడ చేప మీద పడడం అర్థమయ్యేది! అవ్వ బువ్వ పెట్టకపోతే పాలేరు ఆవుని మెయ్యడానికి విప్పడు, ఆవు మెయ్యకపోతే గడ్డి తరగదు. పల్లెటూళ్ళో ఒక ఇల్లు నడిచే తీరంతా ఆ చిన్న కథలో ఉంది. పేదరాశి పెద్దమ్మ ఇంట్లో రాజకుమారుడు ఎందుకు దిగుతాడు? హోటళ్ళు లేని రోజుల్లో బాటసారులకి అలాంటి పెద్దమ్మల ఇళ్ళే దిక్కు కాబట్టి. 1947లో మొదలై, ఇప్పుడు ఆగిపోయిన మన చందమామ పాత సంచికలు ఎవరింట్లోనైనా ఉంటే, ఈసారి బొమ్మల్లో రాజుని వదిలేసి వెనకున్న వంటిల్లు చూడండి. ఉట్లు, కుంపట్లు, బిందెలు, చేటలు ఎన్ని కనిపిస్తాయో!

ఇక మా ఇంట్లో పాటిస్తున్న చిన్న చిట్కాలు చెప్తాను. వీలైతే మీరూ చూడండి.

పిల్లలు దాటేసిన పేజీలే మీకు చదివి పెట్టమనండి. తప్పు పట్టకుండా వినండి. తెలియని వస్తువు వస్తే ఫోనులో బొమ్మ చూసేముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగమనండి. అలాంటి వస్తువు మన దగ్గర దేనితో సమానమో కలిసి వెతకండి. కాఫీ మర అంటే తిరగలి, బొత్తాం దీపమంటే పువ్వొత్తి, అలాగ. ఆ వస్తువు అప్పుడు ఎంత అరుదో, ఎంత కష్టమో అడగండి. కథలో మనుషుల సంతోషం, బాధ అప్పుడు సరిగా తూకం తెలుస్తాయి. ఓ పాత నోటు పుస్తకంలో ఆ మాటలు రాయించండి. మా పాప పుస్తకంలో దాలి, కవ్వం, ఉట్టి, అటక, పువ్వొత్తి అంటూ ఇప్పటికి నలభై మాటలు చేరాయి. అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని హోంవర్కు చెయ్యకండి. ఒక్కరోజు పాఠంలా అనిపించిందా, పిల్లలు మళ్ళీ ఆ పక్కకి రారు.

వంటల పేజీలు చదివే మనం వట్టి మాటలతో సరిపెట్టుకుంటామా? లారా వాళ్ళమ్మ వెన్న మేమూ చేశాం. ఎనిమిది, పది రోజుల మీగడ ఫ్రిజ్‌లో దాచి, రెండు చెంచాల పెరుగు కలిపి ఓ రాత్రి బయట ఉంచండి. చిన్న క్యారెట్ ఒకటి సన్నగా కోరి, అరగ్లాసు పాలలో అయిదు నిమిషాలు కాచి, పల్చటి గుడ్డలో పిండి, ఆ పాలు చల్లారనివ్వండి. మీగడ, ఈ పాలు కలిపి వెడల్పు మూతి సీసాలో సగానికే పొయ్యండి. నిండుగా పోస్తే కదలడానికి చోటుండదు. మూత బిగించి పిల్లల చేతికివ్వండి. ఊపుతూ ఉండాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో వెన్న విడుతుంది. ఎండాకాలమైతే కాసిని చల్లటి నీళ్ళు, చలికాలమైతే కాసిని గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి. వెన్న తీసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడగండి. మా గేదె మీగడకి కూడా లేత పసుపు రంగు వచ్చింది! క్యారెట్ పిప్పిలో చెంచా పంచదార కలిపి పాపకిచ్చాను. అది సగం నానమ్మకి పెట్టింది.

ఆ రోజు సీసా ఊపుతూ ఊపుతూ పాప ఆగి, మూత తియ్యబోయింది. అత్తయ్య మంచం మీంచే, కళ్ళు మూసుకునే, "ఇంకా పడలేదే, ఊపు" అన్నారు. మరో రెండు నిమిషాలయ్యాక, "ఊఁ, ఇప్పుడు చూడు" అన్నారు. మూత తీస్తే వెన్న ముద్ద తేలుతోంది. పాప నోరు తెరుచుకుని నానమ్మ వైపు చూసింది. ఇప్పుడు రాత్రిళ్ళు భోజనాలయ్యాక "పుస్తకం తే" అని అడిగేది మా పాప కాదు, మా అత్తయ్యే. లారాకి పెళ్ళయిందో లేదో ఆవిడకి తెలియాలట!

మీ ఇంట్లో కూడా గోడవైపు తిరిగి పడుకున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం ఓ పాత కథల పుస్తకం పట్టుకుని మంచం దగ్గర కూచోండి. వంట గురించో, బట్టల గురించో ఉన్న పేజీ తీసి చదవండి. కావాలనే ఓ చిన్న తప్పు చెప్పండి. దిద్దడానికి వాళ్ళే లేచి కూచుంటారు. చిన్నప్పుడు మీరు విన్న కథలో ఇప్పటికీ మీ కళ్ళకి కట్టే వంటింటి వస్తువు ఏమిటో నాకు రాయండి. మంచివి ఇక్కడ అందరితో పంచుకుంటాను.

వచ్చే వారం వడియాల ఎండలతో కలుసుకుందాం. అంతదాకా సెలవు.